నీలాంబిక రాసిన రెండు చుక్కలు

పైకి పైకి పోగా, ఇక పైన మరేదీ లేని చోట ఉన్నవానికి నమస్కారం. తండ్రి పేరు అడిగితే మౌనం వహించి, ఇంటి గుర్తు అడిగితే ఆకాశాన్ని చూపేవానికి నమస్కారం. ఆయనలో సగమై, నా నాలుకపై పలుకై నిలిచిన తల్లికి నమస్కారం.

ఇప్పుడు చెప్పబోయేది బూదిగుట్ట మఠంలో గ్రంథభాండారపు తాళపుచెవిని కోరిన నీలాంబిక కథ. ఆమెకు గురువైన రేవణసిద్ధయ్యగారి కథ అని కూడా అనవచ్చును. కాని ఆయన అందుకు ఒప్పుకొని ఉండరు.

నల్లమల అడవి పలచబడి ఎర్రనేలలోకి దిగే చోట ఆ గుట్ట ఉంది. గుట్టమీద వీరశైవ మఠం. మఠంలో ఆరువందల పైచిలుకు తాళపత్రపు కట్టలున్న భాండారం. ఆ తలుపు తాళపుచెవి ముప్పై ఒక్క ఏండ్లుగా రేవణసిద్ధయ్యగారి నడుమున దారానికి వేలాడుతూ ఉండేది.

ఆయన కన్నులకు పొర కమ్మింది. ఆకుమీది అక్షరం ఆయనకు వేలికొసతో తడిమితేనే తెలిసేది. తాళపుచెవిని మరొకరికి అప్పగించవలసిన కాలం వచ్చిందని ఆయనే మఠపు పెద్దలకు కబురంపారు. ఎవరికి అని వారడిగితే, "నీలాంబికకు" అన్నారు.

నీలాంబిక కర్నూలులో కంప్యూటరు చదువు ముగించి, పాతలిపి నేర్చుకోవాలనే కోరికతో ఆరేండ్ల క్రితం ఆ గుట్ట ఎక్కింది. పురుగు తిన్న అక్షరాన్ని పక్క అక్షరాల సాయంతో ఎట్లా చదవాలో గురువు ఆమెకు నేర్పారు. ఆమె ఒక్కొక్క ఆకునూ తుడిచి, వెలుతురులో పరచి, ఫొటో తీసి, ఒక్కొక్క కట్టకు కంప్యూటరులో ఒక్కొక్క ఫోల్డరు కట్టింది. ఆపై ఒక స్క్రిప్టు రాసింది. యంత్రం చేయవలసిన పనిని వరుసగా చెప్పే చిన్న రాత అది. దానిని ఒక్కమారు పిలిస్తే, ఆ కట్టలోని ఆకులన్నింటినీ క్రమంలో కూర్చి, చదువుకోవడానికి వీలైన పుస్తకంగా తెరమీద నిలుపుతుంది.

మఠపు పెద్దలు ఐదుగురు. అందులో మాట్లాడేవారు ఒక్కరే. ఆయన వీరభద్రప్పగారు; సర్కారు కొలువులో ముప్పై ఏండ్లు కంప్యూటర్ల పని చూసి విశ్రాంతి పొందినవారు. మాట కరకు, చూపు నిక్కచ్చి.

"ఆడమనిషికి ఈ తాళపుచెవి ఎన్నడూ ఇచ్చింది లేదు" అన్నారాయన, నీలాంబికను ముందు నిలబెట్టుకొని.

"ఎన్నడూ అడిగింది లేదేమో పెద్దయ్యా. ఇప్పుడు నేను అడుగుతున్నాను."

"అడిగితే పెట్టేది బెల్లంముక్క. తాళపుచెవికి పరీక్ష ఉంది."

"పెట్టండి."

"తప్పితే?"

"తప్పితే ఆ దినమే గుట్ట దిగిపోతాను."

రేవణసిద్ధయ్యగారు ఆ మాట విని ఒకసారి కన్నులు మూసుకొన్నారు. వద్దని మాత్రం అనలేదు. పెద్దలు పరీక్షకు సోమవారం నిర్ణయించి వెళ్ళిపోయారు.

ఆ మఠంలో పరీక్ష అంటే ఒకే పద్ధతి. తాళపత్రాలకు ప్రతులు రాసుకొన్న కాలంనుండి వస్తున్నది. ప్రతి రాయడం ముగించినవాడు గడప బయట నిలబడాలి. లోపల మరొకరు దానిని సభకు చదివి వినిపించాలి. చదివేవాడు తడబడితే, అది 'ప' కాదు 'వ' అని బయటినుండి అందించే హక్కు రాసినవానికి లేదు. చదివేవాడు ఎక్కడ తడబడితే అక్కడ రాసినవాడే తప్పాడని లెక్క. రాసినవారు చదవరాదు, అంతే ఆ నియమం.

శనివారం ఉదయం గురువు భాండారపు వసారాలో ఆమె పక్కన చాపమీద కూర్చొన్నారు.

"నీ రాతను నాకొకసారి చదివి చెప్పు తల్లీ."

నీలాంబిక తెర వంక చూస్తూ చెప్పింది. "ప్రతి కట్టకూ ఒక ఫోల్డరు. అందులో ఆకుల బొమ్మలుంటాయి. ఆ ఫోల్డరు లోపల ఇంకొక చిన్న ఫోల్డరు. నా రాత దాంట్లో ఉంటుంది. రాతలో మొదటి వరుస ఇది: ఇప్పుడున్న ఫోల్డరుకు పై ఫోల్డరు ఏదో కనుక్కో. రెండో వరుస: అక్కడున్న బొమ్మలన్నీ వరుసగా కూర్చు."

"పై ఫోల్డరు పేరు రాసినావా?"

"పేరెందుకు అయ్యవారూ? రెండు చుక్కలు చాలు. ఈ యంత్రానికి రెండు చుక్కలంటే ఒక మెట్టు పైకి అని. పేరు రాస్తే పేరు మారిననాడు చెడిపోతుంది. చుక్కలకు ఏ పేరైనా ఒకటే."

ఆమె గొంతులో కొంచెం గర్వం ఉంది. ఆ ఉపాయం ఆమె స్వయంగా ఆలోచించి పెట్టినది.

"బాగుంది" అన్నారు గురువు. పిమ్మట, "ఇప్పుడున్న ఫోల్డరు అంటివి. ఎవరు ఉన్న ఫోల్డరు?" అన్నారు.

"ఎవరేమిటి? ఇప్పుడున్నదే."

"ఎవరు?"

నీలాంబికకు చురుక్కుమన్నది. "అయ్యవారూ, మూడువందల పదకొండు కట్టలకు దీన్ని నడిపినాను. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. వాళ్ళు నన్ను నమ్మలేదు సరే. మీరు కూడానా?"

"నేనడిగింది నమ్మకం గురించి కాదమ్మా."

"మరి దేని గురించి? తప్పుంటే చూపించండి. ఊరికే ప్రశ్నలు వేస్తే నాలో అనుమానం పుడుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. సోమవారం నాకు అనుమానం ఉండకూడదు."

గురువు నవ్వి, చాపమీదినుండి లేచి, గోడ పట్టుకొని లోపలికి పోయారు. ఆమె ఆ రాతను మళ్ళీ తెరిచి చూడలేదు. చూస్తే తాను సందేహించినట్టు అవుతుందని పంతం.

సోమవారం వచ్చింది.

పెద్దలు పొద్దున్నే గుట్ట ఎక్కారు. కాఫీ వచ్చేలోగా వీరభద్రప్పగారు కంప్యూటరు ముందు కూర్చొని, ఊరకుండలేక, మఠపు తిరునాళ్ళ ఫొటోలున్న ఫోల్డర్లు ఒకటొకటిగా తెరిచి చూశారు. పిమ్మట సభ కూర్చుంది. నీలాంబిక గడప బయట నిలబడింది.

"రాసినవారు చదవరాదు. కాబట్టి నేను నడుపుతాను" అన్నారాయన. నూట పన్నెండు ఆకుల ద్విపద కావ్యం ఒకదానిని ఎంచుకొన్నారు. యంత్రానికి ఆజ్ఞలు టైపు చేసే నల్లతెర తెరిచారు. తాను అంతకుముందు తిరునాళ్ళ ఫోల్డరు లోపలి రథోత్సవం అనే ఫోల్డరులో ఉన్నారు; అక్కడి నుండి కదలవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. అక్కడే ఉండి, కావ్యపు ఫోల్డరులోని స్క్రిప్టును దాని పూర్తి చిరునామాతో పిలిచారు.

స్క్రిప్టు పలికింది. తెరమీద పుస్తకం నిలిచింది. పైన కావ్యం పేరు బంగారు రంగులో వెలిగింది.

మొదటి ఆకు స్థానంలో రసం కాగుతున్న పెద్ద గుండిగ కనిపించింది.

రెండవ ఆకు స్థానంలో వంటశాల చూసుకొనే ఓబులేశు, గరిటె పైకెత్తి నవ్వుతూ ఉన్నాడు.

మూడవ ఆకు స్థానంలో, హరికథ జరుగుతుండగా, కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకొని, గాఢంగా నిద్రించుచున్న వీరభద్రప్పగారు.

పెద్దలలో ఒకాయన ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకొని దగ్గడం మొదలుపెట్టారు. ఆ దగ్గు చాలాసేపటికి గాని ఆగలేదు.

"ఇది ఎవరి కావ్యమమ్మా?" అన్నారు వీరభద్రప్పగారు, తెరమీదినుండి కన్ను తిప్పకుండా.

నీలాంబిక గడపమీద చేయి వేసింది. "అయ్యా, మీరు తప్పు చోట నిలబడి పిలిచినారు!"

"గడప దాటవద్దు."

"దాటలేదు. మీరు రథోత్సవంలో ఉండి పిలిచినారు. అందుకే అది తిరునాళ్ళలోకి ఎక్కింది. కట్ట లోపలి చిన్న ఫోల్డరులోకి వచ్చి పిలవాల."

"ఎక్కడ నిలబడి పిలవాలో నీ రాత నాకు చెప్పిందా?"

"చెప్పనక్కరలేదు! తెలిసినవారికి తెలుస్తుంది."

"నేను తెలిసినవాణ్ణే" అన్నారాయన. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఎగతాళి లేదు. "ముప్పై ఏండ్లు ఈ పనే చేసినాను. నీవు లేనినాడు దీన్ని తెరిచేవాడు నాకంటె తెలియనివాడై ఉంటాడు. వాని ముందు ఈ గుండిగను పెడతావా?"

ఆమె గొంతు ఇంకా హెచ్చింది. "మూడువందల పదకొండు మార్లు సరిగా వచ్చింది!"

"నడిపింది ఎవరు?"

"నేను."

"అదే" అని ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "ఇచ్చిన మాట గుర్తుంది గదా?"

"ఉంది. దిగిపోతాను. దిగినా తప్పు మీదే అంటాను."

రేవణసిద్ధయ్యగారు స్తంభానికి ఆనుకొని కూర్చొని ఉన్నారు. ఆమె వారి వంక చూసింది. ఆయన మొగము ఎప్పటివలెనే ఉంది. మఠంలో భోజనానికి గంట మోగింది. భోజనమయ్యాక పెద్దలు దిగిపోతారని, నీలాంబిక కూడా దిగుతుందని అందరికీ అర్థమయింది.

ఆమె పంక్తిలో కూర్చొనలేదు. వంటశాలలో, పొయ్యికి ఎదురుగా ఉన్న అరుగుమీద కూర్చొంది. ఓబులేశు మజ్జిగన్నం కలిపి గిన్నె ముందు పెట్టాడు.

"తిను నీలమ్మా. నలభై ఏండ్లుగా వండుతున్నా. నా రసాన్ని ఇన్నాళ్ళకు గ్రంథంలోకి ఎక్కించిన మనిషివి. నిన్ను ఆకలితో పంపిస్తే నాకు పాపం."

"నవ్వద్దు ఓబులేశన్నా."

"నవ్వడం లేదమ్మా. నా ఫొటో కొంచెం పక్కకు వచ్చింది, అంతే నా బాధ. అయినా ఆయప్ప నోరు తెరిచి నిద్రపోయేది మాత్రం దేవుడే ఎంచి పెట్టినట్టుంది."

"తప్పు ఆయనది. నేను కాదు రథోత్సవంలో నిలబడింది."

"ఆయనది కాబట్టే నీవు దిగిపోతున్నావా?"

ఆమె గిన్నె పక్కకు నెట్టింది.

అప్పుడు రేవణసిద్ధయ్యగారు గోడ తడుముకొంటూ లోపలికి వచ్చారు. చంకలో ఒక తాళపత్రపు కట్ట ఉంది. ఓబులేశు తత్తరపడ్డాడు. గ్రంథం వంటశాలలోకి రావడం అతడు ఎన్నడూ చూడలేదు. గురువు భుజంమీది ఉత్తరీయాన్ని అరుగుమీద పరచి, కట్టను దానిమీద ఉంచారు.

"నీలమ్మా, పోయేలోపు ఒక పని చేసిపెట్టు. ఈ కట్టను పై అరలో పెట్టిరా."

ఆమెకు ఏడుపు వచ్చింది. ఇంతమంది ముందు ఇంత జరిగితే, ఈయనకు అర సర్దడం గుర్తొచ్చింది. అయినా లేచింది. కట్టను ఉత్తరీయంతోసహా రెండు చేతులా ఎత్తుకొంది. ఆ భాండారంలో ప్రతి కట్టకూ దారపు కొసన చిన్న చెక్కబిళ్ళ ఉంటుంది. దానిమీద ఆ కట్ట ఉండే గోడ, అర చెక్కి ఉంటాయి. ఎండబెట్టేటప్పుడు ఏ కట్ట ఎక్కడికి చేరినా, ఆ బిళ్ళ చూసే తిరిగి చేరుస్తారు. నీలాంబిక బిళ్ళను వేలితో తిప్పింది. పడమటి గోడ, నాలుగవ అర.

వాకిలి దాటి, గురువు తెరిచి ఉంచిన భాండారంలోకి పోయి, పడమటి గోడను చేరి, నాలుగవ అరకు పైన ఐదవ అరలో కట్టను ఉంచి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"పెట్టినావా?" అన్నారు గురువు. ఆయన అరుగుమీద ఆమె కూర్చొన్న చోటనే కూర్చొని ఉన్నారు.

"పెట్టినాను."

"ఎక్కడ?"

"ఐదో అరలో."

గురువు తల పైకెత్తారు. అరుగుకు సరిగ్గా పైన ఒక అర ఉంది. దానిమీద ఓబులేశు ఊరగాయ జాడీలు వరుసగా ఉన్నాయి. మసక కన్నులతో ఆయన వాటి వంక కొంతసేపు చూశారు.

"అంత దూరమెందుకు పోతివమ్మా? పై అర ఇక్కడే ఉండె. చేయి చాపితే అందేది."

"అయ్యవారూ!" అన్నది ఆమె విసుగుతో. "కట్ట వంటిల్లుది కాదు గదా. ఎవరో తెచ్చి ఇక్కడ పెట్టినంత మాత్రాన ఊరగాయ పక్కన ఎట్లా పెడతాను? దాని బిళ్ళ చూసి, దాని అర ఎక్కడుందో తెలుసుకొని, అక్కడినుండి గదా పై"

ఆమె ఆగిపోయింది.

పొయ్యిలో కట్టె చిటపటమన్నది. ఓబులేశు గరిటె పట్టుకొని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

గురువు గిన్నెను ఆమె వైపు జరిపారు. "మజ్జిగ పులిసేలోగా తిను" అని, లేచి, వచ్చిన దారినే గోడ తడుముకొంటూ పోయారు.

ఆమె తినలేదు. కంప్యూటరు దగ్గరకు పోయింది. రాతను తెరిచింది. మొదటి వరుస చూసింది. ఆరేండ్లుగా తాను ఎప్పుడూ అదే చోట కూర్చొని, అదే ఫోల్డరు లోపల నిలబడి పిలిచినందువల్ల, పిలిచేవారి చోటూ రాత చోటూ ఒకటే అయి ఉండెను. మూడువందల పదకొండు మార్లు అదే జరిగింది.

మొదటి వరుస చెరిపింది. దాని చోట మరొకటి రాసింది: ఈ రాత స్వయంగా ఎక్కడ ఉన్నదో తన చిరునామాను తానే కనుక్కొని, ఆ చోటినుండి రెండు చుక్కలు. రెండవ వరుసను ముట్టలేదు. కావ్యపు ఫోల్డరు మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. తన గదికి పోయి, బట్టలు సంచిలో సర్దుకొంది. సంచి భుజాన వేసుకొని మెట్లు దిగడం ఆరంభించింది.

గుట్ట అడుగున పెద్దల జీపు ఆగి ఉంది. నలుగురు ఎక్కి కూర్చొన్నారు. వీరభద్రప్పగారు ముందు తలుపు పట్టుకొని నిలబడి ఉన్నారు. ఆమెను, ఆమె సంచిని చూసి తల ఊపారు.

"మాట నిలుపుకొన్నావు. ఎక్కు. కర్నూలు దాకా దింపుతాము."

"ఎక్కను పెద్దయ్యా. మీ సంచిలో లాప్‌టాప్ ఉంది గదా. తీయండి."

"పరీక్ష అయిపోయింది."

"మీరు పెట్టింది అయిపోయింది. నేను పెట్టుకొన్నది మిగిలి ఉంది." ఆమె పెన్‌డ్రైవును జీపు బానెట్‌మీద పెట్టింది. ఎండకు ఆ ఇనుము కాలుతున్నది. "పొద్దున తప్పు మీదే అన్నాను. మీది కాదు, నాది. మీరు నిలబడిన చోటులో తప్పు లేదు. అందరి ముందు అన్నాను గనుక అందరి ముందే చెబుతున్నాను."

జీపులో వెనకనున్న పెద్ద ఒకాయన ముందుకు వంగి విన్నారు.

"చెప్పినావు, సంతోషం" అన్నారు వీరభద్రప్పగారు. "ఇంక నేను చేయవలసిందేమి?"

"ఈ ఫోల్డరును మీకు నచ్చిన చోట పెట్టుకోండి. పేరు మార్చండి. నేను ఊహించలేని మూలలో నిలబడి పిలవండి. నేను ముట్టను. మాట్లాడను. మళ్ళీ గుండిగ వస్తే, మీ జీపు కూడా ఎక్కను, నడిచే పోతాను. రాకపోతే, తాళపుచెవి నాకు ఎందుకు ఇవ్వరో ఆడమనిషి అనే మాట లేకుండా చెప్పండి."

"నాకే పరీక్షా?"

"తప్పుంటే పట్టుకొని చూడండి."

ఆమె పది అడుగులు వెనక్కి నడిచి, చేతులు వెనక్కి పెట్టుకొని, తల ఎత్తి నిలబడింది.

వీరభద్రప్పగారు సంచిలోనుండి లాప్‌టాప్ తీసి బానెట్‌మీద తెరిచారు. ఆయన ఏ పని చేసినా సగం చేసేవారు కారు. ఆ ఫోల్డరును తన మనుమరాలి పెండ్లి ఫొటోల ఫోల్డరులో మూడు మెట్ల లోతున పెట్టారు. దానికి నోటికి వచ్చిన పేరు ఒకటి పెట్టారు. తాను మాత్రం మరొక మూలకు పోయి, కరెంటు బిల్లుల కాగితాలున్న ఫోల్డరులో నిలబడి, అక్కడినుండి స్క్రిప్టును పిలిచారు.

తెరమీద పుస్తకం నిలిచింది.

మొదటి ఆకు. ఎడమ అంచున మూడు పురుగు రంధ్రాలు. మసి పూసిన అక్షరాలలో ముందుగా శ్రీకారం.

ఆయన పెదవులు బిగించారు. మరొక మూలకు పోయి పిలిచారు. శ్రీకారమే వచ్చింది. ఫోల్డరు పేరు మళ్ళీ మార్చి, ఎత్తి వేరొక చోట పెట్టి, ఇంకెక్కడో నిలబడి పిలిచారు. పురుగు రంధ్రాలు మూడూ అక్కడే ఉన్నాయి. ఆయన ఆకులు తిప్పడం మొదలుపెట్టారు. పది, నలభై, తొంభై. నూట పన్నెండవ ఆకు దగ్గర ఆగి, చివర రాసినవాని పేరు, ఊరు, తిథి ఉన్న నాలుగు పంక్తులు పెదవులు కదుపుతూ చదువుకొన్నారు. చదివేటప్పుడు ఎక్కడా తడబడలేదు.

ఈలోగా మెట్లమీద చప్పుడయింది. ఓబులేశు భుజం పట్టుకొని రేవణసిద్ధయ్యగారు దిగి వస్తున్నారు. ఆయన గుట్ట దిగి ఏడాది దాటింది. చివరి మెట్టు దగ్గర ఆయాసంతో ఆగి, అక్కడే కూర్చొన్నారు.

వీరభద్రప్పగారు లాప్‌టాప్ మూశారు.

"పనిలో తప్పు లేదు" అన్నారు ఆమెతో. ఆ మాట ఆయనకు సులభంగా రాలేదు. తరువాత గురువు వైపు తిరిగారు. "అయినా ఒక మాట అయ్యవారూ. నేనిక ఆడమనిషి అనను. పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట. ఇంతమంది ముందు తప్పు నాది అని ఒప్పుకొన్నది. రేపు ఈ సంగతి పది ఊళ్ళు చెప్పుకుంటాయి. తప్పు ఒప్పుకొన్న మనిషి చేతికి భాండారపు తాళపుచెవి ఎట్లా ఇచ్చేది?"

నీలాంబిక నోరు విప్పబోయింది. గురువు చేయి కొద్దిగా ఎత్తారు. ఆమె ఆగింది, కాని తల దించలేదు.

ఆయన నడుమునున్న దారపు ముడిని విప్పడానికి ప్రయత్నిస్తున్నారు. ముడి ముప్పై ఒక్క ఏండ్లది. వేళ్ళకు అది లొంగడం లేదు. ఓబులేశు సాయం చేయబోతే వద్దన్నారు. జీపు నడిపేవాడు ఇంజను ఆపివేశాడు.

తాళపుచెవి ఆయన అరచేతిలోకి వచ్చింది.

"ఇంతకాలమూ ఒప్పుకోనివారి దగ్గరనే ఉంది వీరభద్రప్పా" అన్నారు. "నాతో కలిపి." ఆ అరచేతిని ఆయన నీలాంబిక వైపు చాపారు.

ఈ కథ చెప్పినవారి నాలుకకు అలసట లేకుండుగాక. విన్నవారి ఇంట దీపమూ పుస్తకమూ ఒకేచోట వెలుగుగాక. పెద్దలకు ఎదురుగా నిలబడి అడిగే ఆడబిడ్డల గొంతు ఏ ఎండకూ ఆరకుండుగాక. ముడి విప్పవలసిన నాటికి ముసలివేళ్ళకు బలముండుగాక. అందరికీ శుభమగుగాక.